చెయ్యి చాపకుండా అందుకునేది

దామోదరం సంజీవయ్య పేరెత్తగానే కర్నూలు ప్రాంతంలో మొదట వినిపించేవి ఆయన పేదరికం కథలే. ముఖ్యమంత్రి పదవికి ఆయన పేరు అనుకుంటున్న రోజుల్లో ఢిల్లీ నుంచి ఎవరో పెద్దపాడు వచ్చి చూస్తే, తల్లి సుంకులమ్మ మట్టికుండలో వంట చేసుకుంటూ కనిపించిందని ఒక కథ. కొడుకు పంపే డబ్బు చాలడం లేదని ఆ తల్లి అంటే, ఇలాంటి తల్లులు రాష్ట్రంలో ఇంకెందరున్నారోనని ఆలోచించి వృద్ధాప్య పింఛను తెచ్చాడని మరొకటి. ఈ కథలు చెప్పేవాళ్ల గొంతులో నిండా గౌరవం ఉంటుంది. ఆ గౌరవానికి ఆయన అన్నివిధాలా అర్హుడు. అయితే దశాబ్దాల తరబడి ఇవే చెప్పుకుంటూ రావడం వల్ల ఒక నష్టం జరిగింది. సంజీవయ్యను మంచివాళ్ల వరసలో కూర్చోబెట్టాం, పనిమంతుల వరసలో వెతకడం మానేశాం. మట్టికుండ గుర్తుంది, ఆయన చేతిమీదుగా నడిచిన చట్టాలు గుర్తులేవు. 1960 నుంచి 1971 దాకా ఆయన ముఖ్యమంత్రిగా, కేంద్ర కార్మికమంత్రిగా ఉన్న కాలంలో వెలువడిన చట్టాలనూ పథకాలనూ ఒకచోట పెట్టి చదివితే వాటన్నిటినీ కలిపే దారం ఒకటి కనిపిస్తుంది. ఎవరో దయతలిస్తే దొరికేదాన్ని, దర్జాగా అడిగి తీసుకోగలిగిన హక్కుగా మార్చడం ఆ దారం. రాయలసీమలాంటి కరువు నేల నుంచి వచ్చిన రాజకీయ నాయకుడు చేయగలిగిన పనుల్లో ఇంతకంటే పెద్దది నాకు కనిపించదు.

ఎందుకంటే, ఈ నేల దాతలను తలుచుకున్నంతగా మరెవరినీ తలుచుకోదు. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమందికి అన్నం పెట్టాడు. ఆయన మీద కట్టిన పాటలు కర్నూలు, కడప పల్లెల్లో తరాల పాటు నిలిచాయి. అన్నం పెట్టిన చేతిని మరవకపోవడం మంచి గుణమే. కానీ ఆ పాటలకు అడుగున ఇంకో సంగతి ఉంది: ఆ చెయ్యి లేని ఊళ్లలో ఏం జరిగింది? పదేళ్లకే, 1876-78లో, ధాత కరువు వచ్చింది. ఆ కరువు తర్వాత 1881లో జనాభా లెక్కలు తీస్తే కర్నూలు జిల్లా అంతకు పదేళ్ల ముందున్న జనంలో దాదాపు నాలుగోవంతును పోగొట్టుకుని కనిపించింది. అప్పటి బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగకూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని తేల్చాడు. తూకం వేసి మరీ తగ్గించిన దయ అది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా, 1952 ప్రాంతంలో సీమలో మళ్లీ కరువు పడితే జనం గంజి కేంద్రాల ముందు ముంతలు పట్టుకుని వరసల్లో నిలబడ్డారు. దాత మారాడు, నిలబడే తీరు మారలేదు. గంజి అందిందా లేదా అన్నది కేంద్రం పెట్టిన ఊరిని బట్టి, వడ్డించే మనిషిని బట్టి, వరసలో నీ కులానికి దొరికిన చోటును బట్టి ఉండేది. మాలవాడలో పుట్టినవాడికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు.

సంజీవయ్య పుట్టింది 1921 ఫిబ్రవరి 14న, కర్నూలుకు కూతవేటు దూరంలోని పెద్దపాడులో, భూమి లేని దళిత కూలి కుటుంబంలో. ఆయన పసివాడిగా ఉన్నప్పుడే తండ్రి మునయ్య పోయాడు. కర్నూలు మునిసిపల్ హైస్కూల్లో చదువు, తర్వాత అనంతపురం దత్తమండల కళాశాలలో 1942లో డిగ్రీ, మధ్యలో చిన్నాచితకా ఉద్యోగాలు, మద్రాసులో న్యాయశాస్త్రం, 1950లో న్యాయవాదిగా నమోదు. అదే ఏడాది తాత్కాలిక పార్లమెంటులో సభ్యుడయ్యారు. 1952లో మద్రాసు శాసనసభకు ఎన్నికైన వెంటనే రాజాజీ మంత్రివర్గంలో చోటు దొరికింది. అప్పటికి ఆయనకు 31 ఏళ్లు. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ప్రకాశం పంతులు మంత్రివర్గంలో సీమ నుంచి ఉన్న పేర్లలో కడప కోటిరెడ్డి ఒకరు, సంజీవయ్య ఇంకొకరు. కోటిరెడ్డి బారిస్టరు, 1928 నంద్యాల సభకు అధ్యక్షత వహించిన పెద్దమనిషి. ఆ సభలోనే దత్తమండలాలకు రాయలసీమ అన్న పేరు ఖాయమైంది. పలుకుబడి, భూమి, వంశం అన్నీ ఉన్నవారి పక్కన అవేవీ లేని ముప్ఫై రెండేళ్ల దళిత న్యాయవాది కుర్చీ వేసుకుని కూర్చోగలిగాడు. అది ఎవరి ఔదార్యమూ కాదు. రాజ్యాంగం 330, 332 అధికరణాల్లో చట్టసభల స్థానాలను షెడ్యూల్డు కులాలకు ప్రత్యేకించింది. హక్కుగా రాసిపెట్టిన చోటు ఎంత దూరం తీసుకుపోగలదో ఆయన తన బతుకులోనే చూశారు. ఆ అనుభవమే తర్వాతి పనికి మూలమని నేను అనుకుంటున్నాను.

ముఖ్యమంత్రి కుర్చీ మాత్రం అలా రాలేదు. నీలం సంజీవరెడ్డి అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడై ఢిల్లీ వెళ్లడంతో 1960 జనవరి 11న సంజీవయ్య ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి, వయసు ఇంకా 39 నిండలేదు. అప్పటి కాంగ్రెస్‌లో బలమైన వర్గాలు ఒకదాన్నొకటి ఒప్పుకోలేక, తమకు ముప్పు కాదనిపించిన మనిషి దగ్గర ఆగాయి. సొంత వర్గం లేకపోవడమే ఆయనకు అర్హత అయింది. అందుకే కొందరు ఆయనను నామమాత్రపు ముఖ్యమంత్రి అంటారు. పదవి ఎలా వచ్చిందన్న విషయంలో వాళ్లు చెప్పేది సరైనదే. పదవిలో ఏం చేశారన్న విషయంలో మాత్రం ఆ మాట నిలవదు. వర్గం లేని ముఖ్యమంత్రికి వ్యక్తుల చేత పని చేయించే బలం ఉండదు. ఫోను చేస్తే వణికే తాలూకా పెద్దలు ఉండరు. ఆయనకు మిగిలిన సాధనం ఒక్కటే: కాగితం. అంటే నియమం, ఉత్తర్వు, సంస్థ. మనిషి మారినా, ముఖ్యమంత్రి మారినా తన పని తాను చేసుకుపోయేది. ఆ రెండేళ్ల రెండు నెలల్లో వచ్చినవాటిలో చాలా భాగం ఆ కోవకు చెందినవే కావడం యాదృచ్ఛికం కాదు.

వాటిలో వృద్ధాప్య పింఛను మొదటిది, జనానికి గుర్తున్నది కూడా అదొక్కటే. నిరాధారులైన వృద్ధులకు నెలనెలా ప్రభుత్వం కొంత సొమ్ము ఇచ్చే పద్ధతి ఆంధ్రప్రదేశ్‌లో 1960లో మొదలైంది. దేశంలో ఇదే మొట్టమొదటిది కాదు, ఉత్తరప్రదేశ్ 1957లోనే మొదలుపెట్టింది. కానీ కేంద్ర ప్రభుత్వం జాతీయ వృద్ధాప్య పింఛను పథకం తెచ్చింది 1995 ఆగస్టు 15న, అంటే మనకన్నా 35 ఏళ్లు ఆలస్యంగా, అదీ నెలకు 75 రూపాయలతో. దీన్ని తల్లి మీద ప్రేమకు గుర్తుగా చెప్పుకోవడంలో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, ప్రేమ ఉన్న కొడుకులు అప్పుడూ చాలామంది ఉన్నారు. మంత్రులైన కొడుకులు తల్లులకు ఇళ్లు కట్టించారు, పొలాలు కొన్నారు. తల్లికి పంపే మనియార్డరును బడ్జెట్ పద్దుగా మార్చాలని తోచడానికి ప్రేమ ఒక్కటీ చాలదు. ముసలితనం అనేది ఆ కుటుంబం తలరాత అనుకునే అలవాటు నుంచి బయటపడాలి. పల్లెలో ఒంటరి ముసలమ్మకు అన్నం దొరకడం అప్పటిదాకా పక్కింటివాళ్ల మంచితనం మీద, పెద్ద రైతు వాకిట్లో మిగిలిన సంగటి మీద ఆధారపడేది. వాటికి ప్రతిఫలంగా ఆమె దండం పెట్టాలి, కళ్లాపి చల్లాలి, ఓట్లప్పుడు ఆ ఇంటి మాట వినాలి. సర్కారు లెక్కల్లో పేరు ఎక్కిన రోజున ఈ చాకిరీలో కొంత తెగింది. సొమ్ము ఎంత తక్కువైనా, ఇది నాది అనగలిగిన మొదటి సొమ్ము ఆమెకు అదే.

రెండోది, 1961 జనవరి 2న ఏర్పడిన అవినీతి నిరోధక శాఖ. సంజీవయ్య నిజాయితీ గురించి చెప్పుకునే మనం, ఆయన తన నిజాయితీతో తృప్తి పడలేదన్న సంగతిని పెద్దగా పట్టించుకోం. ముఖ్యమంత్రి లంచం తీసుకోకపోతే జనానికి ఒరిగేది కొంతే. తాలూకా ఆఫీసులో అడంగల్ నకలు కోసం, కరణం దగ్గర పట్టా పేరు మార్పు కోసం రూపాయి చేతిలో పెట్టాల్సి వచ్చే రైతుకు హైదరాబాదులో ఉన్న మంచివాడు ఏ రకంగా ఉపయోగపడతాడు? ఫిర్యాదు చేయడానికి ఒక చోటు ఉండాలి, విచారించడానికి కొందరు మనుషులు ఉండాలి, వాళ్లకు అదే పనిగా ఉండాలి. మంచి అధికారి ఎదురైతే అదృష్టం అనుకునే పరిస్థితి పోయి, చెడ్డ అధికారి మీద పిటిషన్ పెట్టుకునే వీలు రావాలి. ఆ శాఖ ఆరు దశాబ్దాల్లో ఎన్ని ప్రభుత్వాల చేతుల్లో ఎన్ని రకాలుగా నలిగిందో అందరికీ తెలుసు. అయినా ఒక గుమాస్తా లంచం తీసుకుంటూ పట్టుబడ్డాడన్న వార్త ఈనాటికీ పేపర్లో వస్తోందంటే, వ్యక్తి గుణం చేయలేని పనిని సంస్థ చేయగలదన్న ఆ లెక్క తప్పలేదనే అర్థం.

నా వాదనకు అసలైన పరీక్ష మూడోదాని దగ్గర వస్తుంది. అదే 1961లో వ్యవసాయ భూముల గరిష్ఠ పరిమితి చట్టం వచ్చింది. భూమి లేని కూలి కొడుకు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు వచ్చిన చట్టం కదా అని తెరిచి చూస్తే నిరాశ కలుగుతుంది. నేల రకాన్ని బట్టి ఒకరు ఉంచుకోగల భూమి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా! నీళ్లున్న డెల్టా నేలలకు తక్కువ అంకె, నాసిరకం మెట్టకు ఎక్కువ అంకె. అంటే ఎర్రనేలలూ రాతినేలలూ నిండిన కర్నూలు, కడపల్లో పరిమితి ఆకాశంలో ఉంది. ఒక కుటుంబంలో నాలుగు పేర్ల మీద పంచి రాసుకుంటే ఆ లెక్కకు అందే భూస్వామే ఉండడు. 1973లో కొత్త చట్టం వచ్చి పరిమితిని 10 నుంచి 54 ఎకరాలకు దించాల్సి వచ్చిందంటేనే పాతది పనిచేయలేదని ఒప్పుకున్నట్టు. దీన్ని సంజీవయ్య ఖాతాలో వేయకుండా తప్పించడానికి రెండు సాకులు చెప్పవచ్చు. 1959 నాగపూర్ కాంగ్రెస్ తీర్మానం ప్రకారం అన్ని రాష్ట్రాలూ అలాంటి చట్టాలే తెచ్చాయని ఒకటి. సభలో కూర్చున్నవాళ్లలో భూమి ఉన్నవాళ్లదే పైచేయి అని రెండోది. రెండూ నిజాలే. అయినా ఆ చట్టం వచ్చినప్పుడు ముఖ్యమంత్రి ఆయనే, దాని వైఫల్యంలో ఆయన వాటా ఆయనకు ఉంటుంది. వర్గం లేని ముఖ్యమంత్రి కాగితంతో చాలా చేయగలడు, కానీ కాగితం రాసేవాళ్లే ఎదుటి పక్షం అయినప్పుడు ఏమీ చేయలేడు.

ఇక్కడ ఒక పెద్ద ఆక్షేపణ ఎదురవుతుంది. చట్టంలో రాసినంత మాత్రాన దయ హక్కుగా మారిపోతుందా? దీనికి జవాబు వెతకడానికి ఒకసారి సముద్రం దాటాలి. అంతర్యుద్ధం తర్వాత 1870లో అమెరికా రాజ్యాంగానికి పదిహేనో సవరణ వచ్చింది. జాతినీ రంగునూ చూపి, బానిసగా బతికిన గతాన్ని చూపి ఎవరి ఓటు హక్కునూ కాదనకూడదంది. అదే ఏడాది డిసెంబరులో దక్షిణ కరోలినా నుంచి జోసెఫ్ రైనీ ప్రతినిధుల సభలో అడుగుపెట్టాడు. ఆ సభలో కూర్చున్న తొలి నల్లజాతీయుడు, బానిసగా పుట్టినవాడు. కానీ 1877లో కేంద్ర సైన్యం దక్షిణాది నుంచి వెనక్కి వచ్చేసింది. చంపడాలు, బెదిరింపులు ఒకవైపు, ఓటు పన్నులు, చదువు పరీక్షలు ఇంకోవైపు. సవరణలో ఒక్క అక్షరం మారకుండానే ఓటరు జాబితాలు ఖాళీ అయ్యాయి. ఆ శతాబ్దపు చివరి నల్లజాతి సభ్యుడు, ఉత్తర కరోలినాకు చెందిన జార్జ్ హెన్రీ వైట్, 1900లో మూకహత్యలను కేంద్ర నేరంగా చేయాలని బిల్లు పెట్టాడు. అది నెగ్గలేదు. 1901 మార్చిలో ఆయన సభ నుంచి వెళ్లిపోయాక 1929లో చికాగో నుంచి ఆస్కార్ డి ప్రీస్ట్ వచ్చేదాకా, 28 ఏళ్లు, ఆ చట్టసభలో ఒక్క నల్లజాతీయుడూ లేడు.

కాబట్టి ఆక్షేపణ బలమైనదే. చట్టం దానంతటది హక్కు కాదు. అయితే ఏ చట్టం నిలుస్తుంది, ఏది ఎండిపోతుంది అన్నదానికి ఈ ఉదాహరణల్లోనే ఒక గుర్తు దొరుకుతుంది. ఎవరు ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఎప్పటిలోగా ఇవ్వాలి, ఇవ్వకపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్న నాలుగింటికీ చట్టంలో జవాబు ఉంటే అది బతుకుతుంది. పదిహేనో సవరణ కాదనకూడదు అంది. కాదన్నవాడి చేతిలోంచి ఓటరు జాబితా లాక్కునే యంత్రాంగం 1965 ఓటు హక్కు చట్టం వచ్చేదాకా సరిగ్గా లేదు. 1961 భూపరిమితి చట్టం ఎంత అన్నదానికే ఆచరణకు పనికిరాని జవాబు ఇచ్చింది. మన రిజర్వుడు నియోజకవర్గం మాత్రం ఆ నాలుగింటికీ జవాబు చెప్పింది. ఫలానా సీటులో ఫలానా కులాలవాళ్లే నిలబడాలి, లేకుంటే నామినేషనే చెల్లదు. అందుకే రైనీ, వైట్‌ల వరస తెగింది, మన చట్టసభల్లో దళిత సభ్యుల వరస తెగలేదు. ఈ గుర్తు పట్టుకుని ఢిల్లీలో సంజీవయ్య చేసిన పని చూస్తే ఆయన ఈ పాఠాన్ని ఎంత బాగా నేర్చుకున్నారో తెలుస్తుంది.

1962లో ముఖ్యమంత్రి పదవి దిగాక ఆయన అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. ఆ పదవిలోనూ తొలి దళితుడు ఆయనే. చైనా యుద్ధం, కామరాజ్ ప్రణాళిక ఆ కాలంలోనివి. పార్టీలో మాట చెల్లేది నెహ్రూదే కాబట్టి ఆ అధ్యాయాన్ని ఇక్కడ పొడిగించను. ఆయన అసలు చోటు 1964 జూన్‌లో దొరికింది. శాస్త్రి మంత్రివర్గంలో కార్మికమంత్రి. అప్పటికి బోనస్ గొడవ దేశంలో పరిశ్రమలన్నిటినీ పట్టి కుదుపుతోంది. బోనస్ మొదట యజమాని పండక్కి ఇచ్చే ఇనాము. తర్వాత ట్రిబ్యునళ్లు లాభంలో వాటాగా గుర్తించాయి. కానీ 1950 నాటి సూత్రం ప్రకారం తరుగుదల, పెట్టుబడి మీద రాబడి వగైరాలన్నీ తీసేసి ఏమైనా మిగిలితేనే పంచాలి. మిగిలిందా లేదా చెప్పేది యజమాని లెక్కల పుస్తకం. ఆదోని జిన్నింగు మిల్లులో పత్తి దూగరలో పనిచేసే మనిషికి ఆ పుస్తకం తెరిచి చూపేదెవరు? మెహర్ బోనస్ కమిషన్ నివేదిక మీద చాలా తర్జనభర్జనల తర్వాత 1965 మే నెలలో ఆర్డినెన్సు, సెప్టెంబరులో చట్టం వచ్చాయి. ఫ్యాక్టరీల్లోనూ, ఇరవై మంది, అంతకు మించి పనిచేసే ఇతర సంస్థల్లోనూ కార్మికుడికి వేతనంలో కనీసం 4 శాతం గానీ 40 రూపాయలు గానీ, ఏది ఎక్కువైతే అది, సంస్థకు లాభం వచ్చినా రాకపోయినా ఇవ్వాలి. పైపరిమితి 20 శాతం.

లాభం వచ్చినా రాకపోయినా అన్న ఆ ఒక్క ముక్కే యజమానులకు గొంతులో పడింది. లాభమే లేనప్పుడు లాభంలో వాటా ఏమిటని వాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1966 ఆగస్టులో జలాన్ ట్రేడింగ్ కేసులో కోర్టు ఆ చట్టంలో కొన్ని సెక్షన్లు కొట్టేసింది గానీ కనీస బోనస్‌ను నిలబెట్టింది. ఆ తర్వాత కనీసం 8.33 శాతానికి, అంటే ఇంచుమించు ఒక నెల జీతానికి, పెరిగింది. 2019 వేతనాల కోడ్‌లో పాత చట్టం కలిసిపోయినా ఆ సూత్రం అలాగే ఉంది. ఈ చట్టం చేసిన మార్పు డబ్బు లెక్కలో కంటే మాటల్లో పెద్దది. అయ్యగారు ఈసారి పండక్కి ఏమిస్తారో అనుకునే చోట, మాకు రావాల్సింది ఎప్పుడిస్తారు అన్న ప్రశ్న వచ్చింది. అయితే చట్టం గీసిన ఆ గీత బయట మన జిల్లాల జనం చాలామంది మిగిలిపోయారు. బేతంచెర్ల పరిసరాల్లో నాపరాయి కోసే, పాలిష్ పట్టే చిన్న యూనిట్లలో పదిమంది కూడా లేని చోట ఈ చట్టం అడుగుపెట్టలేదు. హక్కుకు అంచులుంటాయి. ఆ అంచుకు అవతల మళ్లీ పాత దయే రాజ్యం చేస్తుంది.

1970లో ఆయన మళ్లీ కార్మికశాఖకు వచ్చారు. పారిశ్రామికాభివృద్ధి, కార్మిక సమస్యల మీద ఆయన ఇంగ్లీషులో రాసిన పుస్తకం కూడా అదే ఏడాదిది. ఆ సెప్టెంబరులో కాంట్రాక్టు కార్మికుల చట్టం వచ్చింది. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు కంపెనీయే చెల్లించాలన్నది అందులో కీలకం. యర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల్లో, ఉమ్మడి కడప జిల్లాలోని మంగంపేట ముగ్గురాయి గనుల్లో మేస్త్రీ ద్వారా పనికి కుదిరే మనిషికి ఆ నిబంధన అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. మేస్త్రీ పరారైనా, ఎవరిని అడగాలో చట్టం పేరుపెట్టి చెప్పింది. 1971 మార్చి 1 నుంచి ప్రావిడెంట్ ఫండ్ ఉన్న కార్మికుల కుటుంబాలకు కుటుంబ పింఛను అమల్లోకి వచ్చింది. కార్మికుడు, యజమాని, కేంద్ర ప్రభుత్వం ముగ్గురూ తలా కొంత వేసే నిధి అది. సర్వీసులో ఉండగా మనిషి పోతే భార్యకు నెలనెలా సొమ్ము వస్తుంది. పసితనంలో తండ్రి పోయిన ఇల్లు ఎలా నడుస్తుందో తెలిసిన మంత్రి కాలంలో ఇది మొదలైంది. 1995లో వచ్చిన ఉద్యోగుల పింఛను పథకం దీన్ని తనలో కలుపుకుంది. 1960లో నిరాధార వృద్ధులకు, 1971లో కార్మికుడి భార్యకు. ఈ రెండు తేదీల మధ్యే ఆయన రాజకీయ జీవితపు అసలు చరిత్ర ఉంది.

ఇవన్నీ ఆయన ఒక్కడి ఘనత ఎలా అవుతాయని అడగవచ్చు. బోనస్ వెనక కార్మిక సంఘాల దశాబ్దాల పోరాటం, ఒక కమిషన్ ఉన్నాయి. కాంట్రాక్టు కార్మికుల బిల్లు ఆయన ఆ శాఖకు తిరిగి రాకముందే పార్లమెంటులో ఉంది. ఇది న్యాయమైన మాట. చట్టాలు ఒక మనిషి నుదుటి నుంచి పుట్టవు. నేను ఆయనను కనిపెట్టినవాడు అనడం లేదు. మంత్రి చేతిలో ఉండేది బిల్లును ముందుకు తోయడమా, అలమారలో పడేయడమా అన్న ఎంపిక. ఆయన చేతికి వచ్చిన ఈ కాగితాలు అలమారలో ఆగలేదు. దళిత మేధావుల నుంచి వచ్చే విమర్శ దీనికంటే గట్టిది. అంబేడ్కర్ కాంగ్రెస్‌తో జీవితమంతా పోరాడితే, సంజీవయ్య ఆ పార్టీ గూటిలోనే ఎదిగాడు, దళితుల సొంత ఉద్యమాన్ని కట్టలేదు, అందుకే ఆయన వెనక ఏ శక్తీ మిగల్లేదు అంటారు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఉందని నటించను. ఉద్యమం లేకపోవడం వల్లే భూమి చట్టం దగ్గర ఆయన చేతులు కట్టేసినట్టయిందని పైన నేనే ఒప్పుకున్నాను. అయినా ఒకటి చెప్పాలి. ఆయన నడిపిన చట్టాల వల్ల మేలు పొందినవాళ్లు ఆయన పేరు తెలుసుకోవాల్సిన పనే లేకపోయింది. బోనస్ అందుకునే మిల్లు కార్మికుడు ఏ నాయకుడి ఫొటోకూ దండం పెట్టక్కర్లేదు. అనుచరగణం మిగలకపోవడానికి ఆ పని స్వభావం కూడా ఒక కారణమే.

ఇప్పుడు మళ్లీ మట్టికుండ దగ్గరికి రావాలి. మన ముఖ్యమంత్రుల్లో పెద్ద కులాలవాళ్ల గురించి చెప్పేటప్పుడు ప్రాజెక్టులు చెబుతాం, పరిపాలనా దక్షత చెబుతాం, ఢిల్లీని ఎలా ఎదిరించారో చెబుతాం. దళిత ముఖ్యమంత్రి దగ్గరికి వచ్చేసరికి గుణగణాలు చెబుతాం: ఎంత నిరాడంబరుడో, ఎంత వినయశీలో, ఎంత పేదవాడిగా పోయాడో. ఇది కావాలని చేసే అవమానం కాదని నాకు తెలుసు. కానీ ఒకరికి సామర్థ్యం, ఇంకొకరికి సత్ప్రవర్తన అని పంచిపెట్టే ఈ అలవాటు కులం నేర్పినదే. వినయం మెచ్చుకోవడం తేలిక, అది ఎవరినీ ఏమీ అడగదు. కనీస బోనస్‌నూ అవినీతి నిరోధక శాఖనూ మెచ్చుకుంటే మాత్రం, అవి ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నాయన్న ప్రశ్న వెంటనే వస్తుంది.

పింఛను సంగతే చూడండి. మొత్తం పెరిగింది, 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధులకు నెలకు 4,000 రూపాయలు ఇస్తున్నారు. ఇది మామూలు విషయం కాదు, సీమ పల్లెల్లో ఆ సొమ్ముతో పూట గడిచే ఇళ్లున్నాయి. ఏ ప్రభుత్వం పెంచినా మెచ్చుకోవాల్సిందే. కానీ పేర్లు గమనించండి: ఎన్టీఆర్ భరోసా, వైఎస్సార్ పెన్షన్ కానుక, మళ్లీ ఎన్టీఆర్ భరోసా. ప్రభుత్వం మారితే పథకం పేరు మారుతుంది, పుస్తకం మీద ఫొటో మారుతుంది. కానుక అన్న మాటకు తెలుగులో ఒకటే అర్థం: ఇచ్చేవాడి ఇష్టం. ఖజానా సొమ్ము, అందులో ఆ ముసలమ్మ జీవితమంతా కొన్న కిరసనాయిలు మీద కట్టిన పన్నూ ఉంది. దాన్ని ఆమెకే ఒక నాయకుడి పేరు మీద ఇచ్చినప్పుడు 1960లో తెగిన ముడి మళ్లీ పడుతుంది. గాదె తెరిచిన దాతకు పాట కట్టడంలో న్యాయం ఉంది, ఆ ధాన్యం ఆయన సొంతం. సర్కారు పద్దుకు దాత ఎవరూ ఉండకూడదు. పింఛనుకు మాత్రం సంజీవయ్య పేరుగానీ ఫొటోగానీ లేకపోవడం ఆయనకు జరిగిన లోటు కాదు.

ఆయన పేరు వేరే చోట్ల ఉంది. విశాఖపట్నంలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి, నెల్లూరు జిల్లా తీరాన కృష్ణపట్నం థర్మల్ కేంద్రానికి, హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున పార్కుకు. సొంత జిల్లాలో హంద్రీ నది మీది గాజులదిన్నె ప్రాజెక్టు సంజీవయ్య సాగర్ అయింది. 1971లో రెండోసారి కాంగ్రెస్ అధ్యక్షుడై, ఆ పదవిలో ఉండగానే 1972 మే నెలలో ఢిల్లీలో కన్నుమూశారు. వయసు 51. చట్టంలో రాసి వెళ్లినవి పేరు మారినా, కోడ్‌లో కలిసినా, చేతులు మారినా ఈరోజుకీ నడుస్తున్నాయి. చట్టం ప్రత్యేకించిన నియోజకవర్గాల్లో ప్రతి ఎన్నికలోనూ దళిత సభ్యులు గెలిచి వస్తూనే ఉన్నారు. వర్గాల రాజీ మీద ఒకసారి దొరికిన ముఖ్యమంత్రి కుర్చీ సంగతి వేరు. 1962 మార్చి 12న సంజీవయ్య లేచి వెళ్లాక, ఉమ్మడి రాష్ట్రంలోగానీ విడిపోయిన రెండు తెలుగు రాష్ట్రాల్లోగానీ, మరో దళితుడు ఆ కుర్చీలో కూర్చోలేదు.